హోటల్‌కి ఆటోమేటిక్ తలుపు: ఏ తలుపుకి లాభం, ఏ తలుపుకి హంగు?

నెల్లూరు మాగుంట లేఅవుట్లోనో, ఒంగోలు కర్నూలు రోడ్డులోనో కొత్తగా ఏసీ ఫ్యామిలీ రెస్టారెంట్ పెడుతున్నారంటే, ఇంటీరియర్ చేసేవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట ఎత్తుతారు: "గుమ్మానికి సెన్సర్ డోర్ పెట్టిద్దామా అన్నా?" అక్కడితో యజమానికి టెన్షన్ మొదలు. కరెంటు ఆదా అవుతుంది, ఎవరూ చెయ్యి పెట్టరు కాబట్టి శుభ్రం, పెద్దవాళ్ళకి సుఖం, హోటల్‌కి హోదా అని అమ్మేవాళ్ళు చెబుతారు. కరెంటు పోతే లోపల ఇరుక్కుపోతాం, రిపేరొస్తే చెన్నై నుంచి మనిషి దిగాలి, తలుపు దగ్గర నిలబడే ముసలాయన పని పోతుంది అని వద్దనేవాళ్ళు అంటారు.

ఈ మాటల్లో చాలావరకు నిజమే. కాకపోతే రెండు పక్షాలూ మాట్లాడేది వీధి గుమ్మం గురించే. హోటల్లో ఇంకో రెండు తలుపులున్నాయి: వంటగదికీ హాలుకీ మధ్య ఒకటి, బాత్‌రూమ్‌కి ఒకటి. మూడింటికీ లాభనష్టాల లెక్క వేరు.

తలుపుకి మనిషి ఎలా కనిపిస్తాడు

ఆటోమేటిక్ తలుపంటే అద్దం తలుపు, దాన్ని లాగే చిన్న మోటారు, బెల్టు, ఒక కంట్రోల్ బోర్డు, సెన్సర్లు. సామాన్యంగా సెన్సర్లు రెండు రకాలుంటాయి. ఈ తేడా తెలియక "సెన్సర్ పోయింది" అని కంగారు పడేవాళ్ళే ఎక్కువ.

మొదటిది రాడార్. గుమ్మం పైన కూర్చుని మైక్రోవేవ్ తరంగాలు వదులుతుంది. కదిలేదాన్ని తాకి వెనక్కి వచ్చిన తరంగం ఫ్రీక్వెన్సీ కాస్త మారుతుంది, ఆ మార్పు చూసి తలుపు తెరుస్తుంది. కదలకుండా నిలబడ్డ మనిషి దీనికి కనిపించడు. అందుకే రెండోది కావాలి. అది ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో గుమ్మం మధ్యలో ఎవరైనా ఉన్నారా అని చూస్తూ ఉంటుంది. తలుపు మూసుకునేటప్పుడు మధ్యలో చంటిబిడ్డ ఆగిపోయినా, చీర కొంగు సర్దుకుంటూ ఎవరైనా నిలబడిపోయినా తలుపును ఆపేది ఈ రెండోదే. ధర తగ్గించిన కొటేషన్లలో ముందు ఎగిరిపోయేదీ ఇదే. తెరవడానికి ఒక సెన్సరు, మూసేటప్పుడు కాపాడటానికి ఇంకో సెన్సరు అని గుర్తుంటే కొటేషన్ చదవడం తేలిక.

ఆకారంలో మన దగ్గర ఎక్కువగా కనిపించేవి రెండు. పక్కకి జరిగే స్లైడింగ్ తలుపు, మామూలుగా తెరుచుకునే స్వింగ్ తలుపుకే పైన మోటారు పెట్టినది. స్లైడింగ్‌కి పక్కన గోడ చోటు కావాలి. షాపు ముందుభాగం 10 అడుగులుందనుకుందాం. రెండు రెక్కలు చెరో పక్కకి జరిగి 4 అడుగుల దారి ఇవ్వాలంటే, ఆ రెక్కలు దాక్కోవడానికి అటు రెండు, ఇటు రెండు, మొత్తం ఇంకో 4 అడుగులు పోతాయి. క్యాష్ కౌంటర్‌కీ పార్సిల్ టేబుల్‌కీ మిగిలేది 2 అడుగులు. ట్రంకు రోడ్డు మీది సన్నటి షాపుల్లో ఈ ఆలోచన చాలావరకు ఇక్కడే ఆగిపోతుంది.

మొదట ఈ తలుపు పెట్టింది వడ్డించేవాళ్ళ కోసం

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 1931లో అమెరికాలో స్టాన్లీ వర్క్స్ అనే పనిముట్ల కంపెనీ ఇంజినీర్లు హొరేస్ రేమండ్, షెల్డన్ రాబీ కాంతికిరణంతో పనిచేసే తలుపు తయారుచేశారు. దాన్ని బిగించింది కనెక్టికట్ రాష్ట్రం వెస్ట్ హేవెన్‌లోని విల్‌కాక్స్ పియర్ రెస్టారెంట్‌లో. రెండు చేతుల్లోనూ ప్లేట్లు పట్టుకుని వచ్చే పరిచారికలకు తలుపు తోసుకునే అవస్థ తప్పించడం దాని పని. వచ్చే గిరాకీలకు సలాం కొట్టడం కోసం కాదు.

ఇప్పుడు మనం చూసే స్లైడింగ్ తలుపు తర్వాత వచ్చింది. టెక్సస్ రాష్ట్రంలో సముద్రం ఒడ్డునున్న కార్పస్ క్రిస్టీ ఊళ్ళో గాలికి మామూలు తలుపులు నిలిచేవి కావు. అది చూసి డీ హార్టన్, ల్యూ హ్యూయిట్ 1954లో పక్కకి జరిగే తలుపు ఆలోచన చేశారు, 1960లో అది మార్కెట్లోకి వచ్చింది. అప్పట్లో గుమ్మం ముందు పరిచిన చాప మీద కాలు పెడితే తెరుచుకునేది.

వంటగది తలుపు: చేతులు ఖాళీ లేని చోటు

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఏ భోజన హోటల్లోనైనా వంటగది తలుపు దగ్గర ఐదు నిమిషాలు నిలబడి చూడండి. ఒక సప్లయర్ కుడిచేతిలో సాంబారు బకెట్, ఎడమచేతిలో గరిటెల గిన్నెతో వస్తాడు. తలుపుని మోకాలితో తోస్తాడు. అవతల నుంచి ఇంకొకడు చేపల పులుసు కప్పులు నాలుగు పెట్టిన ట్రేతో వీపు పెట్టి నెట్టుకుంటూ వస్తుంటాడు. "సైడ్ సైడ్" అని అరుపు. పాత హోటల్ తలుపు కింది భాగం చూస్తే పెయింటు లేచిపోయి, తన్నినచోట రేకు నొక్కుకుపోయి ఉంటుంది. రెండు వైపులా ఊగే తలుపుకి కంటి ఎత్తులో గుండ్రటి అద్దం పెట్టేది ఈ గుద్దుకోవడాలు తప్పించడానికే. అయితే ఆ అద్దం నూనె పట్టి మసకబారడానికి వారం చాలు.

ఇక్కడ సెన్సర్ స్లైడింగ్ తలుపు పెడితే లాభం వెంటనే కనిపిస్తుంది. తలుపు మనిషి మీదకి రాదు, పక్కకి పోతుంది. వేడి పులుసు ఒలికే ప్రమాదం తగ్గుతుంది. అన్నిటికంటే పెద్ద లాభం, మనిషి దాటగానే తలుపు మళ్ళీ మూతపడటం. ఈ చివరిదాని విలువ తెలియాలంటే ఎగ్జాస్ట్ సంగతి చూడాలి.

వంటగది చిమ్నీ ఫ్యాను బయటికి తోసిన గాలికి సరిపడా గాలి ఎక్కడి నుంచో లోపలికి రావాలి. దానికోసం విడిగా ఫ్రెష్ ఎయిర్ ఫ్యాను పెట్టినవాళ్ళు తక్కువ. పెట్టకపోతే ఫ్యాను ఆ గాలిని హాల్లోంచి లాగుతుంది. డబ్బు పోసి చల్లబరిచిన గాలి తాలింపు పొగతో కలిసి గొట్టంలోంచి వీధిలోకి పోతుంది. హాల్లోంచి పోయిన గాలి స్థానంలోకి వీధి గుమ్మం సందుల్లోంచి వేడిగాలి వస్తుంది. కొన్ని హోటళ్ళలో వీధి తలుపు బయటికి లాగాలంటే బరువుగా ఉండేది ఈ పీల్పు వల్లే. వీధి తలుపు ఎంత ఖరీదైనదైనా, వంటగది తలుపు బార్లా తెరిచి ఉంటే ఏసీ కష్టం తగ్గదు.

అలాగని చిక్కులు లేకపోలేదు. నూనె ఆవిరి సెన్సర్ కళ్ళ మీద పొరలా పేరుకుంటుంది, తుడవడం మరిస్తే తలుపు తికమకపడుతుంది. సప్లయర్ల నడక పరుగుతో సమానం కాబట్టి నెమ్మదిగా తెరుచుకునే తలుపు వాళ్ళకి అడ్డమే. ఇక తలుపే లేకుండా గోడలో కిటికీ పెట్టి అందులోంచి గిన్నెలు అందించే పద్ధతి మన మెస్సుల్లో ఎప్పటినుంచో ఉంది. చిన్న హోటల్‌కి దానికి మించిన ఏర్పాటు నాకైతే కనిపించదు.

ఏసీ ఆదా: దేనితో పోలిస్తే?

ఆటోమేటిక్ తలుపు కరెంటు ఆదా చేస్తుందన్న మాటకి సగమే చెప్పిన సామెత లాంటి చిక్కుంది. దేనితో పోలిస్తే అన్నది చెప్పకపోతే అర్థం లేదు.

లెక్క వేద్దాం. బయట 40 డిగ్రీలు, గాలిలో తేమ 40 శాతం. లోపల 25 డిగ్రీలు, తేమ 55 శాతం. ఒక క్యూబిక్ మీటరు బయటి గాలి లోపలికి వస్తే దాన్ని చల్లబరచడానికి ఒక టన్ను ఏసీ దాదాపు 11 సెకన్లు పూర్తి బలంతో పనిచేయాలి. ఇందులో సగం కంటే ఎక్కువ పని వేడి తగ్గించడానికి కాదు, తేమను నీళ్ళుగా మార్చి పైపులోంచి బయటికి పంపడానికి. అందుకే సముద్రపు గాలి తిరిగే నెల్లూరు, కావలి, సింగరాయకొండల్లో తెరిచిన తలుపు ఖరీదు ఎక్కువ. అదే ఎండ ఉన్నా గాలి పొడిగా ఉండే మార్కాపురం, గిద్దలూరు వైపు కాస్త తక్కువ.

మీటరు వెడల్పు, 7 అడుగుల ఎత్తు తలుపు తెరిచి ఉంటే, బయట గాలి వీచకపోయినా, వేడి చల్లదనాల తేడాకే సెకనుకి 0.4 క్యూబిక్ మీటర్ల గాలి మారుతుంది. చల్లగాలి కిందినుంచి బయటికి, వేడిగాలి పైనుంచి లోపలికి. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా తలుపు 120 సార్లు తెరుచుకుందనుకుందాం. అప్పుడు మూడు పరిస్థితులు:

చేత్తో తోసి తెరిచే తలుపు, దానికి తనంతట తానే మూసుకునే ఫ్లోర్ స్ప్రింగ్. ఒక్కోసారి 4 సెకన్లు తెరిచి ఉంటుంది. మొత్తం 480 సెకన్లు, 192 క్యూబిక్ మీటర్లు. ఒక టన్ను ఏసీకి 35 నిమిషాల పని.

ఆటోమేటిక్ తలుపు. తెరుచుకోవడం, ఆగడం, మూసుకోవడం కలిపి 7 సెకన్లు. మొత్తం 840 సెకన్లు, 336 క్యూబిక్ మీటర్లు. ఒక టన్ను ఏసీకి గంట పని.

ఇటుకో స్టూలో అడ్డం పెట్టి రెండున్నర గంటలూ తెరిచి ఉంచిన తలుపు. 9,000 సెకన్లు, 3,600 క్యూబిక్ మీటర్లు. ఒక టన్ను ఏసీకి 11 గంటల పని, అంటే ఆ రెండున్నర గంటల్లో నాలుగున్నర టన్నుల ఏసీ తలుపు కోసమే తిరగాలి. నిజానికి అంత ఏసీ ఉండదు కాబట్టి హాలు వేడెక్కుతుంది, లోపలా బయటా తేడా తగ్గి ఈ అంకె కొంత దిగుతుంది. గిరాకీలు చెమటలు కక్కుతారు.

కరెంటులో చూస్తే ఇవి సుమారు 0.7, 1.2, 13 యూనిట్లు. యూనిట్ పది రూపాయలనుకుంటే 7, 12, 130 రూపాయలు. ఇటుక పెట్టిన తలుపుతో పోలిస్తే ఆటోమేటిక్ తలుపు చాలా మేలు. ఫ్లోర్ స్ప్రింగ్ తలుపుతో పోలిస్తే కాస్త నష్టమే. పైగా ఎవరూ రాకపోయినా దాని బోర్డూ సెన్సర్లూ కొంత కరెంటు తింటూనే ఉంటాయి. 15 వాట్లనుకుంటే నెలకి 11 యూనిట్లు.

మరి అందరూ ఫ్లోర్ స్ప్రింగే పెట్టుకోవచ్చు కదా? పెట్టుకుంటారు, తర్వాత ఇటుకా పెడతారు. మూసిన అద్దం తలుపు చూస్తే హోటల్ తెరిచి లేదేమో, రేట్లు ఎక్కువేమో అని జనం వెనక్కి పోతారని యజమాని భయం. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. మనిషి దగ్గరికి రాగానే తనే తెరుచుకునే తలుపు ఆ సంకోచాన్ని తీరుస్తుంది. అందుకే ఈ తలుపు చేసే ఆదా మోటారులో లేదు, ఇటుక అవసరం లేకుండా చేయడంలో ఉంది. అయితే దీనికీ ఒక స్విచ్ ఉంటుంది. ఆటో, లాక్, ఎప్పుడూ తెరిచి ఉంచు అని. రష్ టైములో మేనేజర్ ఆ మూడోదానికి తిప్పాడంటే కథ మళ్ళీ మొదటికే.

రోజుకి 150 రూపాయలు మిగిలిందనుకున్నా ఎండలు మండే నాలుగు నెలలకి 18,000. తలుపు లక్షన్నర పడితే, ఎండాకాలం ఆదాతోనే అసలు రావడానికి ఎనిమిదేళ్ళు. కరెంటు బిల్లు ఒక్కటే చూసి పెట్టే వస్తువు కాదిది.

నిమ్మకాయలు, పార్సిల్ కుర్రాళ్ళు, నల్ల గ్రానైట్

షోరూంలో చక్కగా పనిచేసిన తలుపు మన వీధిలోకి వచ్చాక వింతగా ప్రవర్తించడానికి కారణాలు చాలావరకు గుమ్మం ముందే ఉంటాయి. దిష్టికి కట్టిన నిమ్మకాయ, మిరపకాయల దండ గాలికి ఊగితే రాడార్‌కి అదీ కదలికే. శనివారం కొత్త దండ కట్టాక తలుపు ఊరికే తెరుచుకుంటుంటే మెకానిక్‌ని పిలిచేముందు దారం పొడవు చూడటం మంచిది. ఫుట్‌పాత్ మీద పోయేవాళ్ళూ, ఎంగిలాకుల కోసం తచ్చాడే కుక్కలూ కూడా అంతే. దగ్గరికి వచ్చేదాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుని, పక్కనుంచి పోయేదాన్ని వదిలేసే రాడార్లు వచ్చాయి. వాటి కోణం సరిగ్గా బిగించాలి.

పార్సిల్ గొడవ ఇంకా పెద్దది. రాత్రి ఎనిమిదికి బిర్యానీ కోసం డెలివరీ కుర్రాళ్ళు గుమ్మం దగ్గరే ఫోన్లు చూసుకుంటూ నిలబడతారు, అటూ ఇటూ కదులుతారు. తలుపు మూసుకోబోయి మళ్ళీ తెరుచుకుంటుంది. పైన లెక్కలో వేసిన 7 సెకన్లు ఇలాంటి చోట 70 అవుతాయి. పార్సిల్‌కి వీధివైపు విడిగా కిటికీ ఉన్న హోటల్లో ఈ బాధ లేదు.

ఇక నేల. చీమకుర్తి నల్ల గ్రానైట్ మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల హోటళ్ళకీ అందుబాటులో ఉన్న రాయి, గుమ్మంలో అద్దంలా మెరుస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ సెన్సరు నేల మీద పడి తిరిగొచ్చే కిరణాన్ని చూసి లెక్క కడుతుంది. నల్లటి మెరిసే రాయి మీద, అందులోనూ వానకి తడిసినప్పుడు, ఆ కిరణం తీరు మారుతుంది. బిగించే మనిషి పొడి నేల మీదా తడి నేల మీదా సెట్టింగు చూడకపోతే మొదటి వానకే ఇబ్బంది.

చెయ్యి తాకకపోవడం వల్ల శుభ్రత ఎంత

2020లో కోవిడ్ తర్వాత ఈ వాదన బలపడింది. నిజమే, వందమంది పట్టుకునే హ్యాండిల్ శుభ్రమైంది కాదు. అయితే మన అలవాటు ఒకసారి చూడాలి. మనం చేత్తో తింటాం. లోపలికి రాగానే వాష్‌బేసిన్ దగ్గరికి వెళతాం. అంటే వీధి తలుపు తాకడం చేతులు కడుక్కోవడానికి ముందు జరుగుతుంది, ఆ మురికి చాలావరకు బేసిన్‌లో పోతుంది. చేతులు కడుక్కున్న తర్వాత తాకే తలుపు ఏది? బాత్‌రూమ్‌ది. శుభ్రత పేరుతో డబ్బు ఖర్చు పెట్టాలంటే సెన్సర్ కుళాయి, తాకకుండా దాటగలిగే బాత్‌రూమ్ తలుపు ముందు వస్తాయి.

ఈగల విషయం వేరు. ఆహార భద్రత లైసెన్సు నియమాలు (2011) షెడ్యూల్ 4లో బయటికి తెరుచుకునే తలుపులకీ కిటికీలకీ పురుగులు రాకుండా జాలీ వంటి ఏర్పాటు ఉండాలంటాయి. ఆటోమేటిక్ తలుపే పెట్టమని చెప్పవు. మామిడిపళ్ళ రోజుల్లో మూసి ఉండే తలుపు ఏదైనా ఈగల్ని తగ్గిస్తుంది. గుమ్మం పైనుంచి కిందికి గాలి కొట్టే ఎయిర్ కర్టెన్ కూడా తోడుంటే ఇంకా నయం.

తలుపు తెరుచుకుంది, మెట్లెక్కేదెవరు?

చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళకి, చేతికర్ర పట్టుకున్న తాతకి, చంకలో పిల్లాడున్న తల్లికి బరువైన అద్దం తలుపు తోయడం కష్టం. ఈ లాభాన్ని రూపాయల్లో కొలవలేం, ఎదురువాదన కూడా పెద్దగా లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 46వ సెక్షన్ ప్రైవేటు సేవలు అందించేవాళ్ళని కూడా అందుబాటు నియమాల కిందికి తెచ్చింది. ఆ నియమాల్లో తప్పనిసరిగా పాటించాల్సినవి ఏవో స్పష్టంగా ఉండాలని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది.

కానీ మన ఊళ్ళలో కాలువ మీద, రోడ్డుకంటే ఎత్తులో షాపులు కడతారు. గుమ్మం అడుగున్నర ఎత్తులో ఉంటే, ఒకటికి పన్నెండు వాలుతో ర్యాంపు కట్టడానికి 18 అడుగుల పొడవు కావాలి. అంత చోటు వదిలిన హోటళ్ళు హైవే పక్కన కనిపిస్తాయి గానీ ఊరి నడుమ అరుదు. మూడు మెట్ల పైన సెన్సర్ తలుపు చక్రాల కుర్చీకి చేసే మేలు సున్నా.

ఇలాంటి చోట గుమ్మం దగ్గరి మనిషి తలుపు చేయలేని పని చేస్తాడు. చెయ్యి అందిస్తాడు, కుర్చీ వెనక చక్రాలు పట్టి ఎత్తిస్తాడు, "రండి పెద్దమ్మా, పక్కనుంచి రండి" అంటాడు. అతని జీతం ఏడాదిలోనే తలుపు ధరని దాటుతుందని లెక్క చెప్పేవాళ్ళున్నారు, ఆ లెక్క తప్పేమీ కాదు. అతను తలుపు తీయడమొక్కటే చేస్తున్నాడా, బళ్ళు సర్దడం, జనాన్ని కూర్చోబెట్టడం కూడా చేస్తున్నాడా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

కరెంటు పోతే, మంట లేస్తే, తుపాను వస్తే

కరెంటు పోతే ఇరుక్కుపోతామన్న భయం చాలావరకు అనవసరం. స్లైడింగ్ తలుపుని మోటారు ఆగినా చేత్తో పక్కకి జరపొచ్చు. చిన్న బ్యాటరీ ఉంటే కరెంటు పోగానే తనే తెరుచుకుని ఆగేలా పెట్టుకోవచ్చు. చూడాల్సింది ఎలక్ట్రిక్ తాళం సంగతి. కొన్ని తాళాలు కరెంటు పోతే విడిపోతాయి, కొన్ని తాళం వేసినట్టే బిగుసుకుని ఉండిపోతాయి. గిరాకీలు లోపల ఉండే గుమ్మానికి రెండో రకం పనికిరాదు.

అగ్ని ప్రమాదం విషయంలో అనుమానం సబబే. జాతీయ భవన నిర్మాణ కోడ్ ప్రకారం బయటికి పోయే తలుపులు బయటి వైపుకి తెరుచుకోవాలి, లోపలివాళ్ళు తాళంచెవి అవసరం లేకుండా తీయగలగాలి. జనం తోసుకుంటూ వచ్చినప్పుడు పక్కకి జరిగే తలుపు ఆ తోపుకి తెరుచుకోదు. గట్టిగా నెడితే రెక్క బయటికి విరిచినట్టు తెరుచుకునే రకాలున్నాయి, ధర ఎక్కువ. లేదంటే పక్కనే మామూలు తలుపు ఇంకొకటి ఉండాలి.

తీరం దగ్గర మిగిలేది ఉప్పుగాలి, ఇసుక. మైపాడు, కొత్తపట్నం వైపు హోటళ్ళలో మామూలు ఇనుప స్క్రూలు తొందరగా తుప్పు పడతాయి, స్టీలులో 304 కంటే 316 రకం ఉప్పుకి బాగా ఆగుతుంది. తలుపు కింది గాడిలో ఇసుక చేరుతుంది, దానికి తోడు బిల్లు కట్టి బయటికి వెళ్ళేవాళ్ళ చేతుల్లోంచి రాలిన సోంపు గింజలు, టూత్‌పిక్కులు. రెక్క గీసుకుంటూ జరుగుతుంది, మోటారు అడ్డం తగిలిందనుకుని వెనక్కి తిప్పుతుంది. చాలా రిపేరు కాల్స్ ఒక పాత టూత్‌బ్రష్‌తో తీరిపోయేవే. బెల్టో బోర్డో పోతే మాత్రం నెల్లూరు వాళ్ళకి 175 కిలోమీటర్ల అవతల చెన్నై, ఒంగోలు వాళ్ళకి విజయవాడ దిక్కు. ఏడాది నిర్వహణ ఒప్పందంలో మనిషి ఎన్ని గంటల్లో వస్తాడు, విడిభాగాల ధర అందులో కలిసిందా లేదా అన్న రెండు వాక్యాల మీదే అమ్మేవాళ్ళకీ కొనేవాళ్ళకీ తర్వాత ఎక్కువగా మాటామాటా వచ్చేది.